స్వామి ముందు పెట్టిన మాత్రలు

మా ల్యాబ్‌లో రెండు మైక్రోస్కోపులున్నాయి. కొత్తదానికి కరెంటు కావాలి. పాతదానికి కింద చిన్న అద్దం ఉంటుంది. దాన్ని కిటికీ వైపు తిప్పితే చాలు, ఆకాశమే దీపం. రంగూన్‌లో, అదే ఇప్పటి యాంగన్‌లో, కరెంటు వంతులవారీగా వచ్చి వంతులవారీగా పోతున్న ఈ రోజుల్లో నా పనంతా ఆ పాతదాని మీదే. మబ్బు పట్టిందంటే నా కళ్ళు గుంజుతాయి. సాయంత్రానికి కనుబొమల మధ్య మేకు దిగ్గొట్టినట్టుంటుంది.

ల్యాబ్ పజుండౌంగ్‌లో ఒక పాత మేడ పైన ఉంది. లిఫ్టు ఉంది కానీ దాన్ని నమ్ముకున్నవాళ్ళు మధ్యలో ఇరుక్కుని వీధి దద్దరిల్లేలా అరిచిన సందర్భాలున్నాయి. అందుకని మెట్లే ఎక్కుతాను. నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని. ఎవరెవరి ఒంట్లోంచో వచ్చిన మూత్రం, కఫం, చీము గాజుపలక మీద పూసి, రంగు వేసి, అందులో ఏమున్నదో చూసి చెప్పడం నా ఉద్యోగం. చేయగా చేయగా ఒళ్ళు అలసిపోయింది గానీ, చూడగా చూడగా కన్ను మాత్రం అలవాటు పడింది.

పేగుల్లో బతికే ఒక రకం బ్యాక్టీరియా ఉంది. మూత్రంలో మంట, జ్వరం అంటూ వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించేది అదే. రంగు వేస్తే గులాబీ రంగు కడ్డీల్లా ఉంటుంది. చిన్న చిన్న కడ్డీలు, అన్నీ ఇంచుమించు ఒకే పొడుగు. ఎవరో కొలిచి కోసినట్టు. ఈ కొలత సంగతి మా సయామా ఒకరోజు పని లేని మధ్యాహ్నం చెప్పింది. ఇక్కడ డాక్టరైనా పంతులమ్మైనా ఆడవాళ్ళయితే సయామా అంటారు. మా ల్యాబ్ పెద్ద ఆమే. నాకంటే చిన్నది, నన్ను ‘అమా’ అంటుంది, అంటే అక్కా అని. బర్మా భాషలోనే మాట్లాడుకుంటాం.

“ఇది పెరిగి పెరిగి నడుమ గోడ కట్టుకుని రెండవుతుంది కదా అమా,” అంది సయామా. “పుట్టినప్పుడు ఎంత ఉన్నా సరే, విడిపోయేలోగా ప్రతిదీ దాదాపు ఒకేపాటి పొడుగు అదనంగా చేర్చుకుంటుంది. పొట్టిగా పుట్టినదీ అంతే, పొడుగ్గా పుట్టినదీ అంతే. అందుకే కొన్ని తరాలు తిరిగేసరికి పొట్టిదాని సంతానం, పొడుగుదాని సంతానం ఒకే కొలతకొస్తాయి.”

“తిండి లేకపోతేనో?”

“అప్పుడు పొట్టిగా ఉండి నిదానిస్తుంది. తిండి బాగా ఉంటే కాస్త పెద్దదై తొందరపడుతుంది. ఎంత తొందరంటే, తను రెండు కాకముందే మనవల కోసం కూడా లోపలి రాతకు నకలు తీయడం మొదలుపెట్టేస్తుంది.”

ఆ మాట విని నేను బల్ల కింద చేతులు జోడించాను. మెదడు లేదు, కన్ను లేదు, కొలబద్ద లేదు. తన వాటా ఎంతో దానికి తెలుసు. అంతే తీసుకుంటుంది. సయామా నా చేతులు చూసి నవ్వింది. ఆమె బౌద్ధురాలు. “కొలత ఉంది అమా. కొలిచేవాడు లేడు,” అంది. “కొలత ఉంటే కొలిచినవాడు ఉండే తీరాలి,” అన్నాను. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. టీ వచ్చినప్పుడల్లా కాసేపు సాగి, గ్లాసులు ఖాళీ కాగానే ఆగిపోతుంది.

నాకు మాత్రం ఆ వాటా మాట చాలా దగ్గరి మాట. ఎందుకో చెప్పాలంటే మా మందిరం గురించి చెప్పాలి.

మా తాతలు విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అహ్లోన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళు. బియ్యం మిల్లుల వెనక బారుగా కట్టిన గదుల్లో, ఒక్కో గదిలో పదిమంది. అందులో ఒకడికి పని దొరికేది, ఒకడికి దొరికేది కాదు. అందుకని వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరికి ఏది దొరికినా సాయంత్రం భజనలో రాములవారి పటం ముందు పెట్టాలి. హారతయ్యాక అది ఎవరిదీ కాదు, అందరికీ సమంగా పంచాలి. ఆ పటానికి తర్వాత గది వచ్చింది, గదికి గోపురం వచ్చింది, రేవులో పని పోయింది, పిల్లలు దుకాణాల్లోకీ ఆఫీసుల్లోకీ వెళ్ళారు. కట్టుబాటు మాత్రం అలాగే ఉంది. ఇండియా యాత్ర నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన లడ్డూలైనా, ఎవరి ఇంట్లోనో కాసిన మునక్కాడలైనా, శనివారం భజనకి వస్తాయి, ముక్కలై ఇళ్ళకి వెళ్తాయి. మా నాన్న ఆ మందిరంలో పురాణం చదివేవాడు. నాకు అక్షరాలు వచ్చింది అక్కడే, తాళం వేయడం వచ్చింది అక్కడే. ఒంటరిగా తినేవాడి కడుపు నిండదని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. నేను దాన్ని నమ్మాను. ఇప్పుడూ నమ్ముతాను.

పంచే పని మా వదినది. మా అన్నయ్య పోయాక ఆమె, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను పెళ్ళి చేసుకోలేదు, ఆమెకి పిల్లల్లేరు. వదిన చెయ్యి తూకం. కళ్ళు మూసుకుని గుగ్గిళ్ళు పంచినా ఒక దొన్నెలో ఎక్కువ, ఒక దొన్నెలో తక్కువ ఉండదు. నోరు మాత్రం తూకం కాదు. నా ఉద్యోగం గురించి అడిగినవాళ్ళకి ఆమె చెప్పేది ఒకటే. “మా ఆడబిడ్డ పురుగుల్ని పెంచుతాదమ్మా. ఊరందరూ కోళ్ళని పెంచుకుంటారు, మేము పురుగుల్ని పెంచుకుంటన్నాం.”

ఆ వర్షాకాలం చివర్లో వదినకి మూత్రంలో మంట వచ్చింది, తర్వాత చలిజ్వరం వచ్చింది. మా వీధి డాక్టరు చూసి మాత్రలు రాశాడు. పూటకొకటి, రోజుకి మూడు పూటలు, చివరిదాకా ఆపకుండా వేసుకోవాలన్నాడు. మందులు దొరకడం కష్టంగా ఉన్న రోజులు. నేను పని అయ్యాక షాపు షాపుకీ తిరిగి, కొన్నిచోట్ల కొన్ని, కొన్నిచోట్ల కొన్ని ఏరుకుని మొత్తానికి సరిపడా తెచ్చాను. రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గింది. వదిన లేచి ఇడ్లీ పిండి రుబ్బింది. నేను ఊపిరి పీల్చుకుని నా పనిలో పడ్డాను. పొద్దున్నే అన్నం తిని ఆమె మాత్ర మింగడం రోజూ చూస్తూనే ఉన్నాను.

కొద్ది రోజులకి జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి నడుం పక్కన నొప్పి కూడా. వదిన గోడకి ఆనుకుని కూర్చుని, “ఏటో, గాలి తగిలినట్టున్నాది,” అంది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మర్నాడు, శుక్రవారం, సీసాలో ఆమె మూత్రం పట్టించి ల్యాబ్‌కి తీసుకెళ్ళాను.

పలక మీద పూసి, రంగు వేసి, అద్దం కిటికీ వైపు తిప్పి చూశాను. కడ్డీలు లేవు. దారాలున్నాయి. గులాబీ రంగు దారాలు, సేమ్యాల్లా పొడుగ్గా, మెలికలు తిరిగి. ఎక్కడా నడుమ గోడ లేదు. బూజు అనుకున్నాను. రంగు పాడైందనుకున్నాను. ఇంకో పలక చేశాను. అవే దారాలు. సయామాని పిలిచాను.

ఆమె చాలాసేపు చూసింది. “ఈమె మందు వాడుతోందా అమా?”

“వాడుతోంది.”

“సరిగ్గా వాడుతోందా?”

“నా కళ్ళతో చూస్తున్నాను సయామా. మా వదిన.”

సయామా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “అయితే మందు సగంసగం అందుతోంది,” అంది నెమ్మదిగా. “ఈ మందు పని గోడ కట్టనివ్వకపోవడం. ఒంట్లో నిండుగా ఉంటే బ్యాక్టీరియా పగిలి చస్తుంది. కొంచెమే ఉంటే నడుమ గోడ కట్టే చేతుల్ని మాత్రం పట్టేస్తుంది. పెరగడం ఆగదు, విడిపోవడం ఆగుతుంది. అందుకే ఇలా దారంలా సాగుతుంది.”

“చచ్చినట్టేనా మరి?”

“చూద్దాం,” అంది.

ఆ దారాల్ని నీళ్ళలో కడిగి, మందు అంటకుండా చేసి, కొత్త పోషక ద్రవంలో వేశాం. వాటిని వెచ్చగా ఉంచే పెట్టెకి కరెంటు లేదు. కరెంటు లేని రోజుల్లో మేము ఒక థర్మకోల్ డబ్బాలో వేడినీళ్ళ సీసాలు పెట్టి, మధ్యలో గొట్టాలు నిలబెట్టి, డబ్బాకి పాత లుంగీ చుట్టేస్తాం. మా వదిన ఇడ్లీ పిండి గిన్నెకి దుప్పటి చుట్టినట్టే. నీళ్ళు చల్లారినప్పుడల్లా మార్చుకుంటూ, కొంతసేపటికొకసారి ఒక చుక్క తీసి చూస్తూ ఆ పగలంతా గడిపాను. మొదట్లో దారాలు దారాల్లానే ఉన్నాయి. మధ్యాహ్నానికి వాటి మీద అక్కడక్కడా నొక్కులు పడ్డాయి, జంతిక పిండి పొడుగ్గా ఒత్తి వేలితో నొక్కినట్టు. ఆ తర్వాత చుక్కలో దారాలు తక్కువ, కడ్డీలు ఎక్కువ. కిటికీలో వెలుగు తగ్గేవేళకి పలక నిండా కడ్డీలే. చిన్న చిన్నవి, అన్నీ ఇంచుమించు ఒకే పొడుగు. ఇన్నాళ్ళు కొలత తప్పి బతికినవి మందు పోగానే మళ్ళీ తమ కొలత వెతుక్కున్నాయి.

సృష్టిలో దేవుడు పెట్టిన కొలత ఎంత గట్టిదో అప్పుడే చూశాను. అదే కొలత మా వదిన ఒంట్లో, ఆమె మూత్రపిండాల దాకా పాకుతోందని కూడా అప్పుడే చూశాను. భయపడుతూ దండం పెట్టుకున్నాను. రెండూ ఒకేసారి చేయవచ్చని నాకు అంతకుముందు తెలియదు.

“చావలేదు. కాచుకుని కూర్చుంది,” అంది సయామా. “నయమేమిటంటే, ఈ మందుకి ఇంకా లొంగుతుందనే అనుకుంటున్నాను. పరీక్ష పెట్టాను, రేపు చెప్తాను. కానీ ఈసారి నిండుగా పడాలి, మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా. నడుం నొప్పి అంటున్నావు. ఆలస్యం చేస్తే కిడ్నీ పాడవుతుంది, రక్తంలోకి కూడా పోతుంది. ఆ తర్వాత మన చేతిలో ఉండదు.”

ఇంటికి వెళ్ళేసరికి వదిన కిటికీ దగ్గర పడుకుని ఉంది. నేను చెప్పులు విప్పకుండానే అడిగాను.

“మాత్రలు ఎలా వేసుకుంటున్నావు వొదినా?”

“నోటితో.”

“ఎన్నిసార్లు?”

“పొద్దున్నొకటి. నువ్వు సూస్తన్నావు గదా, పక్కనే నిలబడి పోలీసోడిలాగ.”

“మూడు పూటలు వేసుకోమన్నాడు డాక్టరు.”

“మూడు పూటలా మింగితే ఎన్నాళ్ళొస్తాయే అవి? సాగదీసుకోవాల గదా.”

“సరిపడా తెచ్చానే. మిగిలినవేవీ?”

వదిన ముఖం అటు తిప్పుకుంది. అప్పుడే నాకు అర్థమైంది. ఆమె చెప్పకముందే అర్థమైంది, ఎందుకంటే నేనూ ఆ మందిరంలో పెరిగినదాన్నే.

“పంచేసావా?”

“మరి? జ్వరం తగ్గిపోనాది. మందిరానికి ఎల్తే ఒకామెకి మంట, ఒకామెకి ఒళ్ళు నొప్పులు. ఊర్లో మందు దొరకట్లేదు. నాకొక్కదానికే డబ్బాడు మందు ఉన్నాది. సామి ముందర పెట్టి, కుంకుమేసి, ఇంటికింత పంచీసినాను. తప్పేటి? మీ నాన్న సెప్పినదే గదా నాను సేసినాను. ఒక్కదాన్నీ మింగితే కడుపు నిండుతాదేటి?”

నేను కూర్చుండిపోయాను. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కొంచెం సత్తువ కావాలి. చిన్నప్పటి నుంచి నేను నేర్చుకున్నదంతా ఆమె వైపే ఉంది. పలక మీద చూసిన దారాలు మాత్రం నా వైపు ఉన్నాయి.

శనివారం పొద్దున సయామా ఫోన్ చేసి, పరీక్ష చూశానని, ఆ మందుకి లొంగుతుందని చెప్పింది. ఆ మందు కోసం నేను మళ్ళీ షాపులన్నీ తిరిగాను. అయిపోయిందనే అన్నారు అందరూ. వచ్చే వారం రావచ్చు, రాకపోవచ్చు. సయామా తనకి తెలిసిన ఆసుపత్రులకి కబురు పెట్టింది. దానికి బదులు వేసే సూదిమందు కూడా లేదన్నారు. మధ్యాహ్నానికి వదినకి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. వదిన తనకుంచుకున్న మాత్రలు ఆ ఒక్క రోజుకే చాలవు. ఇక ఆ మందు ఎక్కడైనా ఉందంటే ఒక్కచోటే ఉంది. మా మందిరం వాళ్ళ ఇళ్ళలో.

“తిరిగి అడుగుతాను,” అన్నాను.

వదిన దుప్పట్లోంచి లేచి కూర్చుంది. “ఏటి అడుగుతావు? పెసాదం తిరిగి అడుగుతావేటి? సిగ్గు లేదేటే నీకు? నా సేతుల్తో పంచినాను. నాను సచ్చిపోతే పోతాను గానీ, పంచింది వెనక్కి తీసుకున్నాదని నా పేరు సెప్పుకోవద్దు.”

“నువ్వు అడగొద్దు. నేనే అడుగుతాను.”

“నీకేటి ఎక్కువొచ్చినాది?”

“ఎక్కువ రాలేదు వొదినా. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలితే నాకు ఇడ్లీ ఎవరు పెడతారు?”

ఆమె నవ్వలేదు. కానీ సాయంత్రం భజనకి వచ్చింది. రావద్దన్నా శాలువా కప్పుకుని, సైకా, మా ఊరి సైకిల్ రిక్షా, ఎక్కి, నా పక్కన కూర్చుని, దారి పొడుగునా నాతో మాట్లాడకుండా వచ్చింది. మందిరంలో స్తంభానికి ఆనుకుని నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

భజన జరిగింది. నేను తాళం వేశాను గానీ ఒక్క పాట కూడా చెవిన పడలేదు. హారతి అయ్యాక, ఎప్పటిలాగే మా భజన పెద్దాయన, “ఎవరైనా ఏటైనా సెప్పాలా?” అని అడిగాడు. మామూలుగా ఎవరూ ఏమీ చెప్పరు. నేను లేచాను. నలుగురిలో లేచి మాట్లాడటం నాకు అలవాటు లేదు.

“మా వదిన పంచిన మాత్రలున్నాయి. వాడనివి ఎవరి దగ్గరైనా ఉంటే తిరిగి ఇవ్వండి,” అన్నాను.

పంకా తిరగడం లేదు. కర్పూరం వాసన, జనం చెమట వాసన. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “పెసాదం వెనక్కి తీసుకోడం ఎక్కడైనా ఉన్నాదేటమ్మా?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

“లేదు,” అన్నాను. “మా నాన్న చదివిన వాటిలో నేను వినలేదు.”

“మరి?”

అప్పుడు నాకు కళ్ళ ముందున్న దీపమే కనిపించింది. “బాబాయ్, నిరుడు నూనె దొరకనప్పుడు ఏకాహం చేశాం గుర్తుందా? ఏటా గుమ్మానికొకటి, తులసికొకటి, పటానికొకటి వెలిగించేవాళ్ళం. మీరే కదా, నిరుడు ఉన్న నూనెంతా ఒక్క ప్రమిదలోనే పొయ్యమన్నారు? అన్నింట్లో తలా కొంచెం పోస్తే ఏ ఒక్కటీ తెల్లారేదాకా ఉండదన్నారు.”

“అన్నాను.”

“ఈ మందూ అఖండ దీపమే. ఒకరి ఒంట్లో మొదలెడితే చివరిదాకా వెలగాలి. మధ్యలో ఆరితే చీకటి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. నేను నిన్న నా కళ్ళతో చూశాను. ఆ పురుగు చావలేదు. మందు చాలక పెరుగుతూ పెరుగుతూ కాచుకుని ఉంది. మందు పోగానే ఒక్కొక్కటీ బోలెడు ముక్కలై మళ్ళీ పుట్టింది. మా వదిన ఒంట్లో ఇప్పుడు జరుగుతున్నదదే.”

వెనక నుంచి ఒక ముసలమ్మ గొంతు వచ్చింది. “నాను మింగీసినానమ్మా. ఏటి సేస్తాను? మోకాలి నొప్పికి మింగినాను.”

“తగ్గిందేటి?” అని ఎవరో అడిగారు.

“నొప్పి తగ్గలేదు గానీ, సామి ముందర పెట్టినవి గదా, మనసు బాగున్నాది.”

జనం నవ్వారు. స్తంభం దగ్గర శాలువా కూడా కొంచెం కదిలింది. ఆ నవ్వుతో గది వదులైంది. పెద్దాయన తన కళ్ళజోడు పెట్టె తెరిచి, కళ్ళజోడు కింద దాచిన మాత్రల రేకు ముక్క తీశాడు. “మంట వస్తే వేసుకుందారని ఉంచినాను,” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. దాన్ని మళ్ళీ పటం ముందే పెట్టాడు. తర్వాత ఒకామె ఇంటికెళ్ళి కుంకుమ భరిణెలోంచి తెచ్చింది. ఒకామె చీర కొంగు ముడి విప్పింది. ఒక ఇంట్లో మాత్రల్ని రేకుతో సహా దేవుడి గూట్లో పెట్టి రోజూ పసుపు కుంకుమ అద్దుతున్నారట. రేకు మీద పొరలు కట్టి ఉంది. నేను లోలోపల ఏడ్చానో నవ్వానో చెప్పలేను. మందు అనుకుని పంచితే అందరూ ప్రసాదం అనుకుని దాచుకున్నారు. ఆ భక్తే మా వదినకి ఆ రోజు మందు మిగిల్చింది.

ఒక్క కోడలు పిల్ల మాత్రం లేవలేదు. చంకలో పాప, చెంపల మీద ఎండిన తనాఖా గంధం. ఆమె పిడికిలి మూసి ఉంది. వదిన అటే కూర్చుంది కాబట్టి ముందు ఆమే చూసింది.

“ఉంచుకోవే, పిల్ల తల్లివి,” అంది.

“పాపకి జొరమొస్తే కావాల గదా పిన్నీ,” అంది ఆ అమ్మాయి నేల చూస్తూ.

నేను వెళ్ళి ఆమె దగ్గర కూర్చున్నాను. “ఇవి పాపకి వేసేవి కావమ్మా. పెద్దవాళ్ళ మోతాదు. పాపకి జ్వరమొస్తే ఏ వేళైనా నా దగ్గరికి తీసుకురా. సయామాకి నేను చూపిస్తాను.”

“నిజంగా సూపిస్తారా?”

“స్వామి ముందు చెప్తున్నాను.”

ఆమె కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచనలో న్యాయముంది. నా మాటని పాప ప్రాణం పక్కన పెట్టి తూచుకుంటోంది. తర్వాత పిడికిలి నా చేతిలో విప్పింది. రేకు వెచ్చగా, తడిగా ఉంది.

అన్నీ కలిపితే మొదటి కొన్ని రోజులకి సరిపోయాయి. తక్కువపడ్డవి సయామా రెండు రోజుల తర్వాత ఎక్కడో సంపాదించింది. కానీ ఆ సాయంత్రం వదిన మొండికేసింది. “నాను మింగను. ఇంతమంది నోటికాడవి లాక్కుని నానొక్కదాన్నీ మింగితే నాకు అరుగుతాదేటి?” జ్వరంతో ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా గొంతు తగ్గలేదు.

పెద్దాయనే తెగ్గొట్టాడు. “సరే, పంచుదాం. మాత్రలు కాదు. వంతులు పంచుదాం. ఏకాహంలో నామం ఆగకుండా గంటకొక ఇల్లు పడతాం గదా. అలాగే పూటకొక ఇల్లు. అన్నం అట్టుకెళ్ళి, ఈమె తిని మాత్ర మింగేదాకా ఎదురుగ్గా కూర్చోవాల. నామం ఆగితే ఎంత తప్పో, ఇది ఆగితే అంత తప్పు.”

ఆ తర్వాత మా ఇంట్లో మనుషులు తెగలేదు. పొద్దున ఒకరు జావ తెస్తే, మధ్యాహ్నం ఒకరు పప్పన్నం, సాయంత్రం ఒకరు చేపల పులుసు. మోకాలి నొప్పి ముసలమ్మ మెట్లెక్కలేక కింది నుంచే అరిచేది, “మింగినావేటే?” అని. వదిన కిటికీలోంచి నాలుక బయటపెట్టి చూపించేది. నేను పని నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు మా గచ్చు మీద కూర్చుని వదిన చేత తిట్లు తింటూ ఉండేవారు. “పప్పులో ఉప్పేది? నన్ను పురుగు సంపదు, మీ వంట సంపుతాది.” ఆ తిట్లు మళ్ళీ మొదలైనప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మొదటి రెండు రోజులు ఆమె ఎవరినీ తిట్టలేదు. నాకు అదే భయం వేసింది.

మందు అయిపోయాక కొన్నాళ్ళాగి ఆమె సీసా మళ్ళీ ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. ఆరోజు మబ్బుగా ఉంది. అద్దం అటూ ఇటూ తిప్పి వెలుగు కోసం చాలాసేపు వెతుక్కున్నాను. పలక ఈ చివర నుంచి ఆ చివరకి, వరస వరసగా చూశాను. దారాలు లేవు. కడ్డీలు లేవు. ఏదీ లేని చోటు ఎంత విశాలంగా ఉంటుందో. నేను కళ్ళు తీయకుండా చూస్తూ ఉంటే సయామా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. “ఏముంది అమా?” అంది. “ఏమీ లేదు సయామా,” అన్నాను. ఆమె కూడా వంగి చూసి, టీ తెప్పించింది. ఆరోజు కొలత గురించి వాదించుకోలేదు. నాకు వాదించే ఓపిక లేదు, ఆమె గెలవాలనుకోలేదు.

కింది వీధిలో ఒక్కసారిగా అందరూ “మీ లాబీ” అని అరిచారు, కరెంటు వచ్చిందని. కొత్త మైక్రోస్కోపు దీపం దానంతటదే వెలిగింది. నేను లేచి దాన్ని ఆర్పేశాను.

ఆ శనివారం మందిరానికి వెళ్ళేసరికి హారతి అయిపోయింది. అలసటతో గుమ్మం దగ్గరే నిలబడ్డాను. వదిన లోపల గంగాళం ముందు కూర్చుని బఠానీ గుగ్గిళ్ళు పంచుతోంది. ఒళ్ళు సగమైంది గానీ చెయ్యి అదే తూకం. వరుసలో నా వంతు వచ్చింది. ఆమె దొన్నె నింపి, నా చేతిలో పెట్టకుండా పైకెత్తి పట్టుకుంది.

“ఇదైనా పంచొచ్చేటి, పురుగుల డాట్రమ్మా? ఇది కూడా ఒక్కదాన్నీ తినీమంటావా?”

వెనక వరుసంతా నవ్వింది.

“పంచొచ్చు,” అన్నాను.

అందరికీ ఎంతో నాకూ అంతే పెట్టింది. అక్కడే నిలబడి తిన్నాను. ఉప్పు సరిపోయింది.